సంస్థ పేరుతో దొంగ ఉత్తరాలు: ఈ-మెయిల్ డొమైన్ రక్షణలో మిగిలిన ఖాళీలు

హైదరాబాద్: అమీర్‌పేట మైత్రీవనం పేరు వినని నిరుద్యోగ పట్టభద్రుడు తెలుగు జిల్లాలలో అరుదు. ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల శిక్షణ కేంద్రాలలో కోర్సులు నేర్చుకొని, ఎస్.ఆర్.నగర్ హాస్టళ్లలో బస చేస్తూ ఉద్యోగ ప్రయత్నాలు సాగించే యువత ప్రతి ఉదయం ముందుగా తెరిచి చూసేది ఈ-మెయిల్ పెట్టెనే. ఒక పేరున్న కంపెనీ నుంచి నియామక పత్రం వస్తుంది. ముద్ర ఉంటుంది, సంతకం ఉంటుంది, జీతం వివరాలు పైసలతో సహా ఉంటాయి. చివరి పేరాలో మాత్రం లాప్‌టాప్ నిమిత్తమో, శిక్షణ నిమిత్తమో తిరిగి చెల్లించే డిపాజిట్టుగా కొన్ని వేల రూపాయలు ఫలానా ఖాతాలో జమ చేయవలసినదిగా కోరతారు. ఊరి నుంచి తండ్రి అప్పు తెచ్చి పంపిన సొమ్ము ఆ ఖాతాకు చేరిన మరుక్షణం అవతలి ఫోను మూగబోతుంది.

ఈ తరహా మోసాల గురించి కంపెనీలు హెచ్చరికలు చేయకపోలేదు. తాము ఏ దశలోనూ అభ్యర్థుల నుంచి సొమ్ము కోరబోమని, జిమెయిల్, యాహూ, రెడిఫ్‌మెయిల్ వంటి ఉచిత సేవల చిరునామాల నుంచి నియామక పత్రాలు పంపబోమని టీసీఎస్ వంటి సంస్థలు తమ నియామక ప్రకటనలలో స్పష్టంగా పేర్కొంటున్నాయి. సలహా మంచిదే. అయితే దానికి ఒక మెలిక ఉన్నది. ఉచిత చిరునామా నుంచి వస్తే నమ్మవద్దని చెప్పినప్పుడు, కంపెనీ సొంత చిరునామా నుంచి వస్తే నమ్మవచ్చునని చెప్పినట్లే అవుతుంది. ఆ సొంత చిరునామాను మరొకరు వాడుకొనే వీలు లేకుండా చేసినప్పుడే ఆ మాట నిలుస్తుంది. చాలా సంస్థలు ఈ రెండవ పని పూర్తి చేయలేదన్నదే ఇక్కడ పరిశీలించదగిన విషయం.

ఈ-మెయిల్ చిరునామాలో ఎట్ గుర్తుకు కుడివైపున ఉండే భాగమే డొమైన్. సంస్థకు అది బోర్డు, ముద్ర, లెటర్‌హెడ్ మూడూ కలిసిన వస్తువు. దానిని దొంగ ఎలా వాడుకోగలడన్న సందేహం సహజం. సాంకేతిక పరిభాష ఈ వ్యాసకర్తకు కూడా కొరుకుడు పడనిదే కనుక తపాలా భాషలో చెప్పుకోవడం మేలు. అంతర్జాలంలో ఉత్తరాల బట్వాడాకు ప్రాతిపదిక అయిన ఎస్ఎంటీపీ పద్ధతి 1982లో ప్రమాణంగా వెలువడింది. అప్పట్లో దానిని వాడినవారు విశ్వవిద్యాలయాల వారు, పరిశోధకులు. ఒకరినొకరు ఎరిగినవారు. పంపినవాడు తన పేరు నిజంగానే వ్రాశాడా అని తనిఖీ చేయవలసిన అవసరం వారికి తోచలేదు. పోస్టు డబ్బాలో వేసే కవరుపై ‘పంపినవారు’ అన్నచోట ఎవరి పేరైనా వ్రాయవచ్చు. తపాలా శాఖ అడగదు. ఈ-మెయిల్ కూడా అంతే. పైగా ఇక్కడ పేరు రెండుచోట్ల ఉంటుంది. కవరుపై ఒకటి, లోపలి ఉత్తరంపై ఒకటి. కవరును యంత్రాలు మాత్రమే చూస్తాయి. గ్రహీత కంటికి కనిపించేది లోపలి ఉత్తరంపైని పేరు. ఈ రెండూ ఒకటిగా ఉండాలన్న నియమం మూల పద్ధతిలో లేదు.

ఈ లోపాన్ని పూరించడానికి మూడు ఏర్పాట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. మొదటిది ఎస్‌పీఎఫ్. 2006లో ప్రచురితమై 2014లో ప్రమాణంగా స్థిరపడింది. మా సంస్థ ఉత్తరాలు ఫలానా సర్వర్ల నుంచి మాత్రమే బయలుదేరుతాయి అని డొమైన్ యజమాని బహిరంగంగా ప్రకటించే జాబితా ఇది. ఇది పరిశీలించేది కవరునే. రెండవది డీకిమ్. ఉత్తరంపై కంటికి కనిపించని లక్కముద్ర వంటిది. దారిలో ఉత్తరాన్ని మారిస్తే ముద్ర చెదురుతుంది. ప్రస్తుత రూపంలో 2011 నుంచి అమలులో ఉన్నది. ఈ రెండూ ఉన్నప్పటికీ కవరుపై తన సొంత డొమైన్, ఉత్తరంపై మరొకరి పేరు వ్రాసే దొంగకు దారి మూసుకోలేదు. 2012లో ప్రతిపాదితమై 2015 మార్చిలో ప్రచురితమైన డీమార్క్ ఆ దారిని మూసింది. ఉత్తరంపై కనిపించే డొమైనుకు, కవరుపైని డొమైనుకు లేదా ముద్ర వేసిన డొమైనుకు పొంతన ఉండాలని అది కోరుతుంది. పొంతన లేని ఉత్తరాన్ని ఏమి చేయాలో చెప్పే అధికారాన్ని డొమైన్ యజమానికే ఇస్తుంది.

యజమాని చెప్పగల మాటలు మూడు. ‘నన్’ అంటే ఏమీ చేయవద్దు, నాకు నివేదిక మాత్రం పంపండి. ‘క్వారంటైన్’ అంటే అనుమానాస్పద పెట్టెలో వేయండి. ‘రిజెక్ట్’ అంటే లోపలికి రానీయవద్దు. సంస్థ డొమైన్ రికార్డులలో ఒక్క పంక్తి చేర్చడమే ఈ పని. దానికి రుసుము లేదు, కొత్త యంత్రం కొనవలసిన అవసరం లేదు.

అసలు చిక్కు ఈ మొదటి మాట దగ్గరే వచ్చింది. గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో ఉత్తరాలు పంపేవారికి డీమార్క్ రికార్డు తప్పనిసరి చేశాయి. గూగుల్ లెక్కలో జిమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా పంపేవారు ఈ కోవలోకి వస్తారు. మైక్రోసాఫ్ట్ 2025 మే 5 నుంచి అదే బాట పట్టింది. ఇది ఆహ్వానించదగిన పరిణామం అనడంలో సందేహం లేదు. అయితే ఈ మూడు సంస్థలూ కోరిన కనీస స్థాయి ‘నన్’ మాత్రమే. ఫలితంగా రికార్డు పెట్టామన్న తృప్తితో అక్కడే ఆగిపోయిన డొమైన్లు ఎన్నో. కావలివానిని నియమించి, దొంగ వస్తే పేరు వ్రాసుకో, ఆపవద్దు అని చెప్పినట్లున్నది ఈ స్థితి. రోజుకు 5,000 ఉత్తరాలు పంపని చిన్న సంస్థలను ఆ నిబంధన తాకనే లేదు.

ముందడుగు వేయకపోవడానికి కారణం పూర్తిగా అలసత్వమే అనలేము. ఒక మధ్యస్థాయి సంస్థను తీసుకుంటే జీతాల చీటీలు ఒక సేవా సంస్థ పంపుతుంది, ప్రచార ఉత్తరాలు మరొకటి, ఇన్వాయిసులు అకౌంట్ల సాఫ్ట్‌వేరు నుంచి వెళతాయి, నియామకాల పోర్టల్ వేరుగా ఉంటుంది. ఇవన్నీ సంస్థ పేరుతోనే వెళతాయి గాని సంస్థ సర్వర్ల నుంచి కాదు. వీటిని జాబితాకు ఎక్కించకుండా ‘రిజెక్ట్’ అంటే సొంత ఉద్యోగుల జీతాల చీటీలే తిరిగి వస్తాయి. అందుకే కొన్ని వారాల పాటు ‘నన్’ స్థితిలో ఉంచి, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే నివేదికలు చదివి, మన పేరుతో ఎవరెవరు పంపుతున్నారో తేల్చుకొని, సక్రమమైన వారందరినీ నమోదు చేసిన తరువాత మెట్టు ఎక్కాలి. ఆ నివేదికలు మనిషి చదివే రూపంలో ఉండవు. వాటిని చదివి పెట్టే బాధ్యత ఎవరికీ అప్పగించని సంస్థలో అవి చదవని పెట్టెలో పేరుకుపోతాయి. ‘నన్’ తాత్కాలిక ఏర్పాటుగా మొదలై శాశ్వత విధానంగా మారుతుంది.

దీనికంటే లోతైన కారణం మరొకటి ఉన్నది. పేరు కంపెనీది, నష్టపోయేది మైత్రీవనం మెట్లపై కూర్చున్న అభ్యర్థి. కంపెనీ ఖాతాలో ఒక్క రూపాయి తగ్గదు. నష్టం తనది కానప్పుడు తొందర ఎవరికి ఉంటుంది? ఉత్పత్తికి నకిలీ వస్తే అమ్మకాలు పడిపోతాయి కనుక యాజమాన్యం కోర్టుకు వెళుతుంది. నియామక పత్రానికి నకిలీ వస్తే వెబ్‌సైటులో ఒక హెచ్చరిక పెట్టి సరిపుచ్చుతుంది. జాగ్రత్త పడవలసిన భారాన్ని మోసపోయే అవకాశం ఉన్నవానిపై మోపి, ఆపగల శక్తి ఉన్నవాడు పక్కకు జరగడం న్యాయం కాదు. పరీక్షల షెడ్యూలులో మునిగి ఉన్న 22 ఏళ్ల యువకుడు ఉత్తరం వెనుక సాంకేతిక వివరాలు పరిశీలిస్తాడని ఆశించడం కంటే, సంస్థ ఒక పంక్తి మార్చడం సులభం.

డీమార్క్ అన్ని రోగాలకూ మందు కాదన్నది కూడా అంతే స్పష్టంగా చెప్పుకోవాలి. అది అచ్చంగా మన డొమైనునే వాడుకొనే దొంగను ఆపుతుంది. దానిని పోలిన మరొక డొమైనును కొనుక్కొన్న దొంగను ఆపదు. పెద్ద మొత్తాలు పోతున్నది ఎక్కువగా ఈ రెండవ దారిలోనే. 2015లో ప్రభుత్వరంగ సంస్థ ఓఎన్‌జీసీకి సౌదీ అరామ్‌కో నుంచి రావలసిన నాఫ్తా సొమ్ము సుమారు 197 కోట్ల రూపాయలు దారి మళ్లాయన్న ఫిర్యాదు దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. అందులో వాడినట్లు చెప్పిన డొమైనులో ఎన్, జి అక్షరాలు రెండూ చోటు మార్చుకున్నాయి, అంతే. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే మేఘా ఇంజనీరింగ్ సంస్థ నెదర్లాండ్స్‌లోని సరఫరాదారుకు చెల్లించవలసిన సొమ్ములో 5.47 కోట్ల రూపాయలు కోల్పోయినట్లు 2025 ఆరంభంలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోకు ఫిర్యాదు అందింది. అక్కడా సరఫరాదారు చిరునామాను పోలిన చిరునామా నుంచి, బ్యాంకు ఖాతా మారిందన్న సందేశమే వచ్చింది. అదే ఏడాది నవంబరులో డాక్టర్ రెడ్డీస్ నుంచి బెంగళూరులోని గ్రూప్ ఫార్మాస్యూటికల్స్‌కు అందవలసిన 2.16 కోట్ల రూపాయలు ఇదే రీతిలో వేరొక ఖాతాకు చేరినట్లు బెంగళూరు పోలీసులు కేసు నమోదు చేశారు.

ఈ వరుసలో ఔషధ సంస్థ పేరు కనిపించడం అమీర్‌పేటకు పరాయి విషయం కాదు. డాక్టర్ రెడ్డీస్ ప్రధాన కార్యాలయం దీర్ఘకాలం అమీర్‌పేటలోనే ఉండేది. అరబిందో ఫార్మా చిరునామా మైత్రీవిహార్‌గా, నాగార్జున ఫర్టిలైజర్స్ చిరునామా పంజాగుట్ట నాగార్జున హిల్స్‌గా వార్షిక నివేదికలలో కనిపించేవి. శిక్షణ కేంద్రాల సందడిలో మరుగున పడినా, ఈ ప్రాంతం పరిశ్రమల కార్యాలయాలకు, వాటిని ఆశ్రయించిన చార్టర్డ్ అకౌంటెంట్లకు, ఎగుమతి ఏజెంట్లకు, రసాయనాల వ్యాపారులకు చాలాకాలంగా నెలవు. పెద్ద సంస్థ రెండు కోట్ల దెబ్బను తట్టుకుంటుంది. పంజాగుట్ట ఇరుకు గదిలో నలుగురితో నడిచే సరఫరాదారుకు ఒక్క బిల్లు దారి తప్పితే ఆ నెల జీతాలు ఉండవు.

ఇటువంటి ఉత్తరాలలో అక్షరదోషాలు ఉంటాయన్నది పాత మాట. ఆంగ్లంలో ‘ఎం’ బదులు ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన చేర్చి వ్రాస్తే ఫోను తెరపై తేడా కనిపెట్టడం కష్టం. దొంగ అప్పటికే ఇరువురిలో ఒకరి మెయిల్ పెట్టెలోకి చొరబడి ఉంటే, కొనుగోలు ఆర్డరు సంఖ్యతో సహా పాత సంభాషణ కొనసాగింపుగానే ఉత్తరం వ్రాస్తాడు. అప్పుడు చిరునామా కూడా అసలుదే కావచ్చు. ఈ సందర్భంలో ఏ రికార్డూ కాపాడదు. పనికివచ్చేది ఒక్కటే: ఖాతా మార్పు కోరిన ప్రతి ఉత్తరం విషయంలో, ఆ ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు కాకుండా తమ వద్ద ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోను చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడి నిర్ధారించుకోవడం. మెయిల్ పెట్టెకు రహస్యపదంతో పాటు రెండవ తాళం వేయడం కూడా అంతే అవసరం. అమెరికా ఎఫ్‌బీఐకి 2024లో ఈ తరహా వ్యాపార ఈ-మెయిల్ మోసాలపై 21,442 ఫిర్యాదులు అందగా, నష్టం 277 కోట్ల డాలర్లుగా నమోదైంది. అక్కడి కంపెనీలకు సాంకేతిక సిబ్బంది లేక కాదు; ఫోను చేసే అలవాటు తప్పింది.

పోలికగల డొమైన్లపై న్యాయం మన దేశంలో చాలా ముందుగానే స్పష్టమైంది. హైదరాబాదుకు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా ఉన్న సత్యం ఇన్ఫోవే, ‘సిఫీ’ అన్న తన పేరులో ఒక ‘ఎఫ్’ అదనంగా చేర్చి డొమైను నమోదు చేసుకున్న సంస్థపై వ్యాజ్యం వేసింది. డొమైను పేరుకు వ్యాపార చిహ్నానికి ఉన్న లక్షణాలన్నీ ఉన్నాయని, దానికి అదే రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2004 మే 6న తీర్పు చెప్పింది. డాట్ ఇన్ డొమైన్ల తగాదాలకు ప్రత్యేక మధ్యవర్తిత్వ విధానం కూడా ఉన్నది. అయితే ఆ విధానంలో తీర్పు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. దొంగకు కావలసింది రెండు రోజులే. అందువల్ల తన పేరుకు దగ్గరి పోలికలున్న నాలుగైదు డొమైన్లను సంస్థే ముందుగా కొని ఉంచుకోవడం, వాటి నుంచి ఉత్తరాలు వెళ్లవని ప్రకటించి ‘రిజెక్ట్’ పెట్టడం వివేకం.

అమీర్‌పేటకే ప్రత్యేకమైన మరొక సమస్య ఉన్నది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్‌తో తరగతులు ఆన్‌లైను బాట పట్టినప్పుడు పలు శిక్షణ సంస్థలు, కన్సల్టెన్సీలు మూతపడ్డాయి. బోర్డులు దింపారు, గదులు ఖాళీ చేశారు. డొమైన్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తరచుగా ఆ డొమైను యజమాని పేరున కాక, వెబ్‌సైటు తయారుచేసిన వ్యక్తి పేరున నమోదై ఉంటుంది. పునరుద్ధరణ నోటీసు ఎవరికి వెళ్లిందో తెలియదు. డాట్ కామ్ డొమైను గడువు ముగిసిన తరువాత కొద్దిపాటి వెసులుబాటు, ఆపై 30 రోజుల విమోచన గడువు, చివర 5 రోజుల నిరీక్షణ ముగియగానే ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడు ఆ సంస్థ పాత చిరునామాలకు వచ్చే ఉత్తరాలన్నిటికీ హక్కుదారు అవుతాడు. పూర్వ విద్యార్థి సర్టిఫికెట్టు నిజమా అని కొత్త యజమాని అడిగే ప్రశ్న కూడా అతనికే చేరుతుంది. నిజమేనని జవాబు వ్రాయడానికి అతనికి అడ్డేమీ లేదు. దొంగ అనుభవ పత్రాల వ్యాపారానికి ఇంతకంటే అనువైన సాధనం వేరొకటి ఉండదు. దుకాణం మూసేవారు డొమైనును మరికొన్నేళ్లు కట్టి ఉంచుకోవడం తమ వద్ద చదివినవారి పట్ల కనీస ధర్మం.

బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు వేరే మార్గం ఎన్నుకొన్నది. బ్యాంకులకు మాత్రమే కేటాయించే ‘బ్యాంక్ డాట్ ఇన్’ డొమైనును 2025 ఫిబ్రవరిలో ప్రకటించి, 2025 అక్టోబరు 31 నాటికి మారాలని గడువు విధించింది. వీటిని నమోదు చేసే ఏకైక అధికార సంస్థ పంజాగుట్టకు కొద్ది దూరంలో మాసాబ్‌ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ కావడం నగరానికి గర్వకారణం. ఎవరు పడితే వారు కొనలేని ముగింపు ఉన్నప్పుడు పోలిక డొమైన్ల బెడద చాలావరకు తగ్గుతుంది. ఔషధ కంపెనీకి గాని, శిక్షణ సంస్థకు గాని అటువంటి ప్రత్యేక వాడ లేదు. వారి ఇంటికి వారే కావలి.

ప్రభుత్వ కార్యాలయాలకు ‘గవ్ డాట్ ఇన్’ రూపంలో ఆ వాడ చాలాకాలంగా ఉన్నది. అధికారిక ఉత్తరప్రత్యుత్తరాలకు ప్రభుత్వ ఈ-మెయిల్ మాత్రమే వాడాలన్న విధానాన్ని కేంద్రం 2015లోనే ప్రకటించింది. అయినా కొన్ని కార్యాలయాల బోర్డులపై, వినతిపత్రాలపై నేటికీ ఉచిత సేవల చిరునామాలు దర్శనమిస్తున్నాయి. ప్రజలు వాటికి అలవాటు పడితే అటువంటి చిరునామా నుంచి వచ్చిన దొంగ నోటీసును కూడా నమ్ముతారు. తెలంగాణలో 2024 మే నెలలో ‘టీఎస్’ స్థానంలో ‘టీజీ’ వాడాలని ఉత్తర్వులు వెలువడిన తరువాత సంస్థల పేర్లు మారాయి. ఇటువంటి మార్పు జరిగినప్పుడెల్లా పాత పేరు గల డొమైన్లను వదులుకోకుండా, ఉత్తరాలు పంపనివిగా ప్రకటించి అట్టిపెట్టుకోవలసిన అవసరాన్ని సంబంధిత అధికారులు గుర్తించవలసి ఉన్నది.

పాత్రికేయ మిత్రులకు కూడా ఇందులో భాగం ఉన్నది. పత్రికా ప్రకటన లెటర్‌హెడ్‌పై సంతకంతో మనిషి చేతికి వచ్చిన రోజులు పోయాయి. 2021 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ విధించినట్లు ఒక నకిలీ జీవో వాట్సాప్‌లో వ్యాపించి రాష్ట్రమంతటా కలవరం రేపిన సంగతి విదితమే. ఆ కేసులో హైదరాబాదు పోలీసులు నిందితుని అరెస్టు చేశారు. ఈ-మెయిల్ ద్వారా వచ్చే ప్రకటనకు వాట్సాప్‌కు లేని ఒక సౌలభ్యం ఉన్నది. కంప్యూటరుపై జిమెయిల్‌లో ఉత్తరం పక్కనున్న మూడు చుక్కలను నొక్కి ‘షో ఒరిజినల్’ అన్నది ఎంచుకొంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఫలితం కనిపిస్తుంది. ‘ఫెయిల్’ అని ఉంటే ఆ ప్రకటనను పక్కన పెట్టి శాఖకు ఫోను చేయవచ్చు. ‘పాస్’ అని ఉన్నంత మాత్రాన పని ముగియదు. పాస్ అయినది ఏ డొమైనో అక్షరం అక్షరం చదవాలి. పోలిక డొమైను కొన్న దొంగ కూడా తన డొమైనుకు ఈ పరీక్ష నెగ్గించుకోగలడు. ఏ సంస్థ ఏ స్థాయి డీమార్క్ విధానం పెట్టుకున్నదో ఎవరైనా చూడగల బహిరంగ సమాచారమే కనుక, నకిలీ నియామక పత్రం వార్త వ్రాసేటప్పుడు బాధితుని అమాయకత్వంతో పాటు ఆ కంపెనీ డొమైను ‘నన్’ వద్ద ఆగిందా, ‘రిజెక్ట్’ వరకు వెళ్లిందా అన్నది కూడా అడిగి వ్రాయడం ఉచితం.

చట్టపరంగా కంప్యూటరు సాధనంతో మరొకరిగా నటించి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2008 సవరణ ద్వారా చేరిన ఈ సెక్షను 2009 అక్టోబరు 27 నుంచి అమలులో ఉన్నది. ఫిషింగ్, గుర్తింపు చౌర్యం వంటి సంఘటనలను గుర్తించిన ఆరు గంటలలోగా తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశించింది. చిన్న సంస్థలకు ఈ ఆదేశం గురించిన అవగాహన తక్కువ.

సొమ్ము ఇప్పటికే పంపినవారు ముందు చేయవలసింది 1930 నంబరుకు ఫోను చేయడం. ఆలస్యం జరిగే కొద్దీ సొమ్ము ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు చీలిపోతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గాని, సమీప పోలీసు స్టేషనులో గాని ఫిర్యాదు నమోదు చేయవచ్చు. వచ్చిన దొంగ ఉత్తరాన్ని తొలగించకుండా, స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా, పూర్తి రూపంలో భద్రపరచాలి. అది ఏ సర్వరు నుంచి బయలుదేరిందన్న ఆధారం స్క్రీన్‌షాట్‌లో ఉండదు.